నిచ్చెన కన్నా ముందు ఎక్కం

నెల్లూరు జిల్లాలో ఉదయగిరి వైపైనా, ఆత్మకూరు వైపైనా మెట్ట బడుల్లో 'కసాగు' అనేది పిల్లకాయల నోట ఒకే మాట. కనిష్ఠ సామాన్య గుణిజం అనే మూడు మాటల్ని కుదించి పెద్దలు క.సా.గు. అని రాసుకున్నారు. మధ్యలో ఉన్న ఆ చుక్కలు పిల్లల చెవికి చేరలేదు. కసాగు చెయ్యడమంటే సంఖ్యల్ని వరసగా రాసుకుని, పక్కన నిలువు గీత, కింద అడ్డగీత గీసి, రెండుతో మొదలుపెట్టి భాగించుకుంటూ దిగి, చివరికి పక్కనున్నవీ కింద మిగిలినవీ అన్నీ కలిపి గుణించడం. జవాబు వస్తుంది. వచ్చిన ఆ సంఖ్య ఏమిటని అడిగితే మాత్రం మాట పెగలదు. 12కూ 18కీ క.సా.గు. 36 అని రాసిన పిల్లవాడికి, ఆ 36 పన్నెండో ఎక్కంలోనూ పద్దెనిమిదో ఎక్కంలోనూ ఉందనీ, అలా రెండింట్లోనూ కనబడేవాటిలో అదే మొదటిదనీ తట్టకపోతే వాడికి వచ్చింది గీతలు గీయడమే. ప్రాథమిక తరగతుల్లో ఈ పాఠాన్ని ఏ దారిన నడిపించాలన్నది చిన్న ప్రశ్నలా కనిపిస్తుంది. కానీ భిన్నాల కూడిక, ఆ వెనుక బీజగణితంలో వచ్చే భిన్నాలు అన్నీ దీని మీదే నిలబడతాయి. నా అభిప్రాయం ముందే చెబుతాను. ఐదో తరగతి దాకా పిల్లలకు కావలసింది రెండే పనిముట్లు. ఒకటి పెద్ద సంఖ్య ఎక్కం చదువుతూ వెతకడం, రెండోది ఎప్పుడు నేరుగా గుణించేయవచ్చో పసిగట్టడం. భాగహార పద్ధతి మంచిదే, కానీ అది ఆరో తరగతి సామాను. దాన్ని ముందుకు లాగడం వల్లే ఇంత గందరగోళం.

గందరగోళం పేర్ల దగ్గరే మొదలవుతుంది. కనిష్ఠ, గరిష్ఠ అనే మాటల మధ్య చెవికి వినిపించే తేడా చాలా కొంచెం. పైగా పిల్లల సహజబుద్ధికి ఆ రెండూ తలకిందులుగా పనిచేస్తాయి. కనిష్ఠం అని పేరు పెట్టుకున్నది మామూలుగా ఇచ్చిన సంఖ్యలకంటే పెద్దదిగా వస్తుంది, గరిష్ఠం అని పేరున్నది చిన్నదిగా వస్తుంది. 8, 12 ఇస్తే కనిష్ఠ సామాన్య గుణిజం 24, గరిష్ఠ సామాన్య కారణాంకం (గ.సా.కా.) 4. కనిష్ఠం అన్నారు గనక 4 అని రాసిన బిడ్డను మందబుద్ధి అనడానికి లేదు. ఆ బిడ్డ తెలుగు మాటను నమ్మింది. ఈ చిక్కు విప్పాలంటే ఆ విశేషణాలు ఎందుకు పుట్టాయో చెప్పాలి. రెండు సంఖ్యలకు ఉమ్మడి గుణిజాలు ఎన్నని అడిగితే వాటికి అంతు లేదు. 24, 48, 72, 96 అని పోతూనే ఉంటాయి. అందులో అన్నిటికన్నా పెద్దది అడగడానికి వీల్లేదు, మొదటిది మాత్రమే అడగగలం. ఉమ్మడి కారణాంకాల సంగతి దీనికి ఎదురు. వాటిలో చిన్నది ఎప్పుడూ 1 కాబట్టి దాన్ని అడిగి ప్రయోజనం లేదు, పెద్దదాన్నే అడుగుతాం. ఈ నాలుగు మాటలు చెప్పడానికి పది నిమిషాలు చాలు. అయినా చాలా తరగతుల్లో ఆ పది నిమిషాలు దొరకవు, ఎందుకంటే మొదటి గంటలోనే నల్లబల్ల మీద నిలువు గీత పడిపోతుంది. నన్నడిగితే మొదటి వారం అసలు పారిభాషిక పదమే పలకనక్కర్లేదు. 'రెండు ఎక్కాలూ మొదట కలిసే చోటు' అంటే సరిపోతుంది. ఆ చోటు కంటికి కనబడ్డాక దానికి క.సా.గు. అనే పేరు పెట్టవచ్చు.

ఇక ఆ నిలువు గీత పద్ధతి సంగతి. మెట్లు మెట్లుగా దిగుతుంది గనక దాన్ని ఇక్కడ నిచ్చెన అంటాను. ఇది నిన్నామొన్నటిది కాదు. తొమ్మిదో శతాబ్దంలో రాష్ట్రకూట అమోఘవర్షుడి కాలంలో మహావీరాచార్యుడు రాసిన గణితసారసంగ్రహంలో భిన్నాల హారాలకు కనిష్ఠ సామాన్య గుణిజం కనుక్కునే సూత్రం ఉంది. దానికి ఆయన పెట్టిన పేరు నిరుద్ధం. హారాల్లో ఉమ్మడిగా ఉన్న భాజకాల్ని తీసేస్తూ పోయి, ఆ భాజకాల్నీ చివరికి మిగిలిన భాగఫలాల్నీ గుణించమన్నాడు. ఈనాటి నిచ్చెన సరిగ్గా అదే. తెలుగులో తొలి గణిత గ్రంథంగా పేరున్న పావులూరి మల్లన సారసంగ్రహ గణితం ఆ పుస్తకానికే తెలుగు రూపం. అంటే క.సా.గు. మన భాషకు పరాయి సరుకు కాదు. ఆ సూత్రం భిన్నాలు కలపాల్సిన అవసరంలోంచి, హారాల గురించి పుట్టిందన్నది ఇక్కడ పట్టించుకోవలసిన విషయం. మహావీరుడి పాఠకుడికి ఎందుకో ముందే తెలుసు, ఎలాగో ఆయన చెప్పాడు. మన ఐదో తరగతి బిడ్డకు ఎందుకో తెలియకముందే ఎలాగో వచ్చి మీద పడుతోంది.

నిచ్చెన ఎందుకు పనిచేస్తుందో చూస్తే అది చిన్నపిల్లలకు ఎందుకు అందదో కూడా తెలుస్తుంది. 12 అంటే 6 రెండ్లు, 18 అంటే 6 మూళ్లు. రెండింట్లోనూ ఉన్న ఆరును ఒక్కసారి లెక్కలోకి తీసుకుంటే చాలు, రెండుసార్లు తీసుకోనక్కర్లేదు. అందుకే 6 × 2 × 3 = 36 అవుతుంది గాని 216 కాదు. పక్క గీతలో ఉన్నవి ఉమ్మడి ఆస్తి, కింద మిగిలినవి ఎవరి సొంత ఆస్తి వాళ్లది. ఈ ఆలోచన అందంగానే ఉంది. కానీ ఇది అందాలంటే సంఖ్యను కారణాంకాల లబ్ధంగా చూడడం అలవాటై ఉండాలి. ఆ చూపు పెద్దవాళ్లకే కష్టం. కెనడాలో రీనా జాజ్కిస్, స్టీఫెన్ క్యాంప్‌బెల్ 1996లో ప్రచురించిన పరిశోధనలో ఉపాధ్యాయ శిక్షణ పొందుతున్నవాళ్లకు మూడు 3లు, రెండు 5లు, ఒక 7 గుణించిన సంఖ్యను ఆ లబ్ధం రూపంలోనే ఇచ్చి, అది 7తో భాగింపబడుతుందా అని అడిగారు. ఏడు కళ్లెదుటే ఉంది. అయినా వాళ్లలో కొందరు మొత్తం గుణించి 4725 రాబట్టి, మళ్లీ దాన్ని ఏడుతో భాగించి చూశారు. రేపు పాఠం చెప్పబోయేవాళ్ల పరిస్థితే అలా ఉంటే, పదేళ్ల పిల్లలు నిచ్చెన లోపలి తర్కాన్ని వాళ్లంతట వాళ్లే పట్టుకుంటారని ఆశించడం అన్యాయం. రిచర్డ్ స్కెంప్ 1976లో గణితంలో అర్థం చేసుకోవడం రెండు రకాలని విడదీశాడు. ఒకటి ఎలా చెయ్యాలో మాత్రమే తెలియడం, రెండోది ఎలాగో ఎందుకో రెండూ తెలియడం. మొదటిది తొందరగా మార్కులు తెస్తుందనీ, కానీ ఒక్కో రకం లెక్కకు ఒక్కో కొత్త సూత్రం కావలసి వస్తుందనీ ఆయన వాదించాడు. క.సా.గు. విషయంలో జరుగుతున్నది అదే.

దానికి రుజువు మూడు సంఖ్యల దగ్గర దొరుకుతుంది. 6, 10, 15 ఇచ్చారనుకోండి. ఈ మూడింటినీ భాగించే సంఖ్య 1 తప్ప లేదు. గ.సా.కా. పాఠం అదే వారంలో నేర్చుకున్న పిల్లవాడు అక్కడి అలవాటు చొప్పున ఆగిపోయి, మూడూ గుణించి 900 రాస్తాడు. అసలు జవాబు 30. తప్పు ముప్ఫై రెట్లు. కారణం ఏమంటే గ.సా.కా.కు అన్నింటినీ భాగించేదే తీసుకోవాలి, క.సా.గు.కు కనీసం ఏ రెండింటినైనా భాగించే ప్రధాన సంఖ్యనూ తీసుకోవాలి. ఈ తేడాను ఒక నియమంగా బట్టీ పెడితే నెల్లాళ్లలో రెండూ తారుమారవుతాయి. కొందరు పక్క గీతలో ఉన్నవి మాత్రమే గుణించి, కింద మిగిలినవి వదిలేస్తారు. 'రెండు సంఖ్యల లబ్ధం వాటి గ.సా.కా., క.సా.గు.ల లబ్ధానికి సమానం' అనే సూత్రాన్ని మూడు సంఖ్యలకూ వాడేవాళ్లున్నారు. ఇక్కడ 1 × 30 ఎక్కడ, 900 ఎక్కడ! ఎక్కాల దారిలో వచ్చిన పిల్లకు ఈ 900 చూడగానే అనుమానం రావాలి. పదిహేనో ఎక్కం పదిహేను, ముప్ఫై అని రెండు మెట్లు ఎక్కితే ముప్ఫైని పదీ ఆరూ కూడా భాగిస్తాయని కనబడుతుంది గదా. జవాబును తనే పరీక్షించుకోగల శక్తి నిచ్చెన ఇవ్వదు, ఎక్కం ఇస్తుంది.

నేను చెప్పే పద్ధతి తేలికే. ఇచ్చిన రెండు సంఖ్యల్లో పెద్దదాని ఎక్కం చదవాలి. వచ్చిన ప్రతి సంఖ్యా చిన్నదాని ఎక్కంలో ఉందా అని చూసుకోవాలి. ఉన్నచోట ఆగాలి. 8, 12 అయితే పన్నెండు ఎనిమిదో ఎక్కంలో లేదు, ఇరవైనాలుగు ఉంది. రెండో మెట్టులో జవాబు. రెండు సంఖ్యల గుణిజాల్నీ రెండు వరసలుగా పొడుగునా రాసి, కలిసేదాన్ని సున్న చుట్టే పద్ధతి పుస్తకాల్లో ఉంది. మొదటి రెండు రోజులు కంటికి చూపడానికి అది కావాలి. ఆ తరువాత పెద్దదాని ఎక్కం ఒక్కటే చాలు, సగం రాత తప్పుతుంది. ఇది ఎంతవరకు పనిచేస్తుందో లెక్కగట్టి చూడవచ్చు. 2 నుంచి 12 దాకా ఉన్న సంఖ్యల్లో వేర్వేరు జతలు 55. వాటిలో 42 జతలకు ఈ పద్ధతిలో ఐదు మెట్లలోపే జవాబు దొరుకుతుంది. మిగిలిన 13 జతలు ఇవి: 6తో 7, 11, 7తో 8, 9, 10, 11, 12, 8తో 9, 11, 9తో 10, 11, 10తో 11, 11తో 12. వీటిని కాస్త పరకాయించి చూస్తే ఈ పదమూడూ ఒక జాతివేనని తెలుస్తుంది. ఏ జతలోనూ 1 తప్ప ఉమ్మడి కారణాంకం లేదు. పుస్తకం భాషలో సాపేక్ష ప్రధాన సంఖ్యలు. వాటి క.సా.గు. వాటి లబ్ధమే. అంటే ఎక్కం పొడుగ్గా సాగిన ప్రతిచోటా వెతకనక్కర్లేదు, గుణిస్తే చాలు. వెతుకులాట ఎక్కడ కష్టమో అక్కడే గుణకారం ఆదుకుంటుంది. రెండే పనిముట్లు చాలని నేను అన్నది ఇందుకే.

ఇంకో మంచి సంగతి ఇందులోనే దాగి ఉంది. ఎన్నో మెట్టులో కలుస్తాయో ముందే చెప్పవచ్చు. చిన్న సంఖ్యను ఆ రెండింటి గ.సా.కా.తో భాగిస్తే మెట్ల లెక్క వస్తుంది. 8, 12కు గ.సా.కా. 4, ఎనిమిదిని నాలుగుతో భాగిస్తే 2, రెండో మెట్టు. 45, 60 అంత పెద్దవైనా మూడో మెట్టులోనే 180 దగ్గర కలుస్తాయి. 10, 12కు ఐదో మెట్టు. తెలివైన పిల్లలు పట్టిక నింపుతూ నింపుతూ దీన్ని వాళ్లే కనిపెడతారు. కనిపెట్టినరోజు వాళ్లకు గ.సా.కా.కూ క.సా.గు.కూ ఉన్న చుట్టరికం సూత్రంగా కాక తమ సొంత ఎరుకగా అందుతుంది. మూడు సంఖ్యలు వస్తే ముందు రెండింటి క.సా.గు. చూసి, వచ్చినదానికీ మూడోదానికీ మళ్లీ క.సా.గు. చూడాలి. 12, 18, 30 అయితే ముప్పయ్యో ఎక్కంలో మూడో మెట్టున 90 పద్దెనిమిదితో కలుస్తుంది. 90, 180 అని రెండు మెట్లు పోతే పన్నెండూ కలుస్తుంది. ఐదు మెట్లలో తేలింది. ఇందులో కొత్త నియమం ఏదీ లేదు, పాతదాన్నే రెండుసార్లు వాడాం.

సున్నతో ఒక చిక్కుంది, దాన్ని దాటవేయకూడదు. నేల మీద సుద్దతో గీత గీసి, ఒకరిని రెండేసి అంగలు, ఇంకొకరిని మూడేసి అంగలు గెంతమంటే ఇద్దరూ బయలుదేరిన చోటే కలిసి ఉంటారు. మొదట కలిసే చోటు సున్న కాదా అని అడిగే పిల్ల సరైన ప్రశ్నే అడిగింది. సున్న అన్ని ఎక్కాల్లోనూ ఉంటుంది, కాబట్టి దానివల్ల ఏ రెండు సంఖ్యల గురించీ కొత్తగా ఏమీ తెలియదు, అందుకే బయలుదేరాక కలిసే మొదటి చోటునే లెక్కిస్తాం అని విప్పి చెప్పాలి. 4, 12 ఇచ్చినప్పుడు 24 రాయడం మరో మామూలు తప్పు. పన్నెండు ప్రశ్నలోనే ఉంది గదా, జవాబుగా మళ్లీ అదే ఎలా వస్తుందని పిల్లల సంకోచం. ఏ సంఖ్య అయినా తన ఎక్కంలో తానే మొదటిదని పైకి చదివిస్తే ఆ సంకోచం పోతుంది.

తెలుగు పిల్లలకు భిన్నాలు ఇంట్లోనే మొదలవుతాయి. కానీ ఆ భిన్నాలన్నీ ఒకే తీరువి. అర, పావు, ముప్పావు, అరపావు, వీసం. అన్నీ సగంలో సగాలు. అరా పావూ కలిపితే ముప్పావని చెప్పడానికి ఎవరికీ క.సా.గు. అక్కర్లేదు, ఎందుకంటే ఇలాంటి భిన్నాల్లో పెద్ద హారమే ఎప్పుడూ ఉమ్మడి హారం. మూడో భాగానికి మన నోట సొంత పేరు లేదు, మూడో వంతు అనే అంటాం. అందువల్ల మూడో వంతుకు పావు కలపాల్సిన అవసరం బిడ్డకు మొదటిసారి పాఠ్యపుస్తకంలోనే ఎదురవుతుంది. క.సా.గు.కు తగిన చోటు అదే. పన్నెండు ముక్కలు చేయగలిగిన చిక్కీ పలక బొమ్మ గీసి, అందులో మూడో వంతు నాలుగు ముక్కలు, పావు మూడు ముక్కలు అని చూపిస్తే పన్నెండు ఎందుకు వచ్చిందో చూపుకే అందుతుంది. ఇక్కడ ఒక అభ్యంతరం ఉంది. హారాలు రెండూ గుణించేస్తే ఎలాగూ ఉమ్మడి హారం వస్తుంది గదా, కనిష్ఠమే ఎందుకని. అభ్యంతరం నిజమైనదే. పన్నెండో వంతుకు పద్దెనిమిదో వంతు కలపాలంటే 216 హారంగా పెట్టుకోవచ్చు. 30/216 వస్తుంది, దాన్ని సూక్ష్మీకరిస్తే 5/36. ముందే 36 పెట్టుకుంటే 3, 2 కలిపి 5/36 నేరుగా వస్తుంది. కాబట్టి మొదట గుణకారంతో చెయ్యనివ్వాలి, తప్పని కొట్టివేయకూడదు. పెద్ద సంఖ్యలతో కుస్తీ పట్టి అలసిన పిల్లకే చిన్న హారం విలువ తెలుస్తుంది. అవసరం ముందొస్తే పద్ధతికి గౌరవం దక్కుతుంది.

పుస్తకాల్లో వచ్చే గంటల లెక్క, ట్రాఫిక్ లైట్ల లెక్క మెట్ట పల్లె పిల్లకు దూరం. ట్రాఫిక్ లైటును చూడని ఊరి బిడ్డ ముందు ఆ లైటును ఊహించుకోవాలి, ఆ తరువాత లెక్క చెయ్యాలి. ఈ నేలలోనే సరుకు ఉంది. ఉదయగిరి చెక్క స్పూన్లకు, ఫోర్కులకు భౌగోళిక గుర్తింపు ఉంది. ఊళ్లో కొందరి చేతులు చేసే పని అది. స్పూన్లు ఎనిమిదేసి, ఫోర్కులు ఆరేసి పొట్లాలు కడితే, రెండూ సమానంగా రావడానికి తక్కువలో తక్కువ ఎన్నేసి కొనాలని అడిగితే జవాబు 24 ఎందుకో చేతికి తగులుతుంది. స్పూన్లు మూడు పొట్లాలు, ఫోర్కులు నాలుగు. ఆత్మకూరు, ఉదయగిరి రెండుచోట్లా ఆర్టీసీ డిపోలున్నాయి. ఒక ఊరికి 40 నిమిషాలకో బస్సు, ఇంకో ఊరికి గంటకో బస్సు బయలుదేరుతుందని ఊహించుకుంటే రెండూ కలిసి కదిలేది రెండు గంటలకోసారి. ఎన్‌సీఈఆర్‌టీ పాత ఐదో తరగతి పుస్తకంలో ఒక చింతగింజల పొడుపు లెక్క ఉంది. గింజల్ని ఐదేసి పోగులు పెట్టినా, ఆరేసి పెట్టినా, నాలుగేసి పెట్టినా ప్రతిసారీ ఒకటి మిగులుతుంది, తక్కువలో తక్కువ ఎన్ని గింజలని. 5, 6 ముప్ఫై దగ్గర, ఆ 30, 4 అరవై దగ్గర కలుస్తాయి. మిగిలిన ఒకటి కలిపితే 61. వామనగుంటలు ఆడే ఇంట్లో చింతగింజలకు కొదవలేదు, పైసా ఖర్చు లేని బోధన పరికరం అది.

అరవై అనగానే మన పంచాంగం గుర్తుకు రావాలి. ప్రభవ నుంచి అక్షయ దాకా సంవత్సరాలు 60. గురుడు రాశిచక్రం చుట్టడానికి సుమారు 12 ఏళ్లు, శనికి సుమారు 30 ఏళ్లు. ఆ రెండూ బయలుదేరిన చోటికి దాదాపుగా కలిసి వచ్చేది అరవై ఏళ్లకు. 12, 30ల క.సా.గు. అదే. షష్టిపూర్తి జరిగే ఇంట్లో తాతకు పుట్టిన సంవత్సరం పేరే మళ్లీ వచ్చిందన్నది పిల్లలకు తెలుసు. తిరిగి రావడమనే భావన వాళ్లకు అక్కడే ఉంది. చైనావాళ్ల పంచాంగంలోనూ అరవయ్యే. అక్కడ పది పేర్ల చక్రం ఒకటి, పన్నెండు పేర్ల చక్రం ఒకటి జంటగా తిరుగుతాయి. లబ్ధం 120 అయినా 60కే మొదటి జంట మళ్లీ వచ్చేస్తుంది. లబ్ధానికీ క.సా.గు.కూ తేడా చూపడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ నాకు తెలియదు.

బయటి దేశాల పాఠ్యప్రణాళికలు ఈ విషయంలో మనకంటే నెమ్మదిగా నడుస్తాయి. అమెరికాలో 2010లో వచ్చిన కామన్ కోర్ ప్రమాణాలు క.సా.గు.ను ఆరో తరగతిలో పెట్టాయి. అది కూడా 12కు మించని రెండు సంఖ్యలకే. నేను పైన లెక్కగట్టిన 55 జతలు ఆ హద్దులోవే. అక్కడ ఐదో తరగతి భిన్నాల కూడికకు ఉమ్మడి హారం ఏదైనా చాలు, కనిష్ఠమే కావాలని పట్టు లేదు. ఇంగ్లండులో 2013 నాటి ప్రణాళిక ప్రాథమిక చివరి ఏడాదిలో ఉమ్మడి గుణిజాల్ని గుర్తించమంటుంది, కనిష్ఠ సామాన్య గుణిజం ఆ పై దశలో వస్తుంది. వాళ్లు చేశారు గనక మనమూ చేయాలని నేను అనను. మన పిల్లలకు ఎక్కాల బలం ఎక్కువ. ఇరవయ్యో ఎక్కం దాకా నోటికి పట్టించే ఆనవాయితీ మనకుంది. ఆ బలంతో మనం ఐదో తరగతిలోనే క.సా.గు. చెప్పవచ్చు, చెప్పాలి కూడా. కానీ ఆ బలాన్ని వాడుకునే దారిలో చెప్పాలి. ఎక్కాలు పొద్దున అప్పజెప్పించి, మధ్యాహ్నం క.సా.గు.కు వాటిని పక్కనపెట్టి నిచ్చెన వేయించడం ఉన్న ధనాన్ని పాతిపెట్టి అప్పుకు పోవడం లాంటిది. ఎన్‌సీఈఆర్‌టీ 2024లో తెచ్చిన ఆరో తరగతి పుస్తకం కూడా ఈ అధ్యాయాన్ని ఇడ్లీ–వడ ఆటతో మొదలుపెడుతుంది. మూడో ఎక్కపు సంఖ్య వస్తే ఇడ్లీ, ఐదో ఎక్కపుది వస్తే వడ, రెండూ అయితే ఇడ్లీ–వడ అనాలి. ఆ మొదటి ఇడ్లీ–వడ పదిహేను దగ్గర వస్తుంది. ఆరో తరగతికే ఆట తగినప్పుడు ఐదో తరగతికి ఎందుకు తగదు?

ఇక గట్టి అభ్యంతరాలు. మొదటిది పోటీపరీక్షలది. జిల్లా జవహర్ నవోదయ విద్యాలయం మర్రిపాడు మండలం కృష్ణాపురంలోనే ఉంది, ఆత్మకూరు ఉదయగిరి తల్లిదండ్రుల కళ్లెదుట. ఐదో తరగతిలో రాసే ఆ ప్రవేశపరీక్షలో 80 ప్రశ్నలుంటే అందులో గణితం 20, మార్కులు 25. క.సా.గు., గ.సా.కా. ఆ పాఠ్యాంశాల్లో ఉన్నాయి. నిచ్చెన రాకపోతే పిల్లలు వెనకబడిపోరా అని అమ్మానాన్నలు భయపడతారు. ఆ భయాన్ని తేలిగ్గా తీసుకోను, ఒక్క సీటు ఒక కుటుంబం గతినే మార్చవచ్చు. కానీ ఆ పరీక్ష నాలుగు జవాబులిచ్చి ఒకటి ఎంచుకోమనే పరీక్ష. 8, 12, 20ల క.సా.గు. 40, 60, 120, 240లలో ఏదని అడిగితే, అర్థం తెలిసిన పిల్ల చిన్నదాని నుంచి మొదలుపెడుతుంది. నలభైని పన్నెండు భాగించదు, అరవైని ఎనిమిది భాగించదు, నూట ఇరవైని మూడూ భాగిస్తాయి. అయిపోయింది. నిచ్చెన వేసే పిల్ల ఇంకా అడ్డగీత గీస్తుంటుంది. సరిగ్గా ఒకటి మిగలాలి, రెండు తక్కువ పడాలి అనే తిరకాసు ప్రశ్నల్లోనైతే నిచ్చెన ఒక్కటే నమ్ముకున్న పిల్లకు అసలు దారే దొరకదు.

రెండో అభ్యంతరం ఇంతకంటే బరువైనది. ఎక్కాలే రాని పిల్లల సంగతేమిటి? గ్రామీణ భారతంలో పిల్లల చదువు స్థాయిని కొలిచే అసర్ సర్వే ప్రకారం 2022లో ఐదో తరగతి పిల్లల్లో భాగహారం చేయగలిగినవాళ్లు 25.6 శాతం, 2024లో 30.7 శాతం. అడిగింది మూడంకెల సంఖ్యను ఒక అంకెతో భాగించడమే. ఈ అంకెలు ఎక్కాల దారికి ఎదురు కాదు, నిచ్చెనకే ఎదురు. ప్రతి మెట్టులోనూ రెండు మూడు భాగహారాలు చేయిస్తుంది నిచ్చెన, ఒక్కచోట తప్పితే కింది మెట్లన్నీ తప్పుతాయి. 24 ఎనిమిదో ఎక్కంలో ఉందా అన్నది మాత్రం భాగహారం లెక్క కాదు, ఎనిమిదేసి లెక్కబెట్టగలిగితే చాలు. ఎక్కం పూర్తిగా రానివాడు నేల మీది గీత మీద గెంతి అయినా ఆ చోటు చేరతాడు, చేరేలోగా ఎక్కమూ కొంత పట్టుబడుతుంది. మెట్టలో చిన్న ఊళ్ల బడుల్లో ఒకరో ఇద్దరో టీచర్లు ఐదు తరగతుల్నీ చూసుకోవాల్సి వస్తుంది. అక్కడ ఈ పద్ధతికి ఇంకో మేలుంది. రెండో తరగతి పిల్లలు రెండేసి, మూడో తరగతి పిల్లలు మూడేసి గెంతుతుంటే ఐదో తరగతివాళ్లు కలిసే చోట్లు రాసుకోవచ్చు. నిచ్చెన పాఠం ఒక తరగతికే పనికొస్తుంది.

మూడోది, పద్ధతి నెమ్మది అన్న మాట. 35, 48 ఇస్తే నలభై ఎనిమిదో ఎక్కం ముప్ఫై ఐదు మెట్లు ఎక్కాలి గదా అంటారు. నిజమే. కానీ 35కూ 48కీ ఉమ్మడి కారణాంకం లేదని గుర్తుపడితే గుణకారం ఒక్కటే మిగులుతుంది. గుర్తుపట్టడం కష్టమయ్యేంత పెద్ద సంఖ్యలు వచ్చినప్పుడే నిచ్చెన అవసరం పుడుతుంది. ఆ అవసరం పుట్టే చోటు ఆరో తరగతి. మన రాష్ట్రంలో ఆ తరగతి పుస్తకంలో గ.సా.కా., క.సా.గు.ల అధ్యాయం ఎలాగూ ఉంది. ఎక్కం ఎక్కీ ఎక్కీ విసిగిన పిల్లకు నిచ్చెన కానుకలా కనిపిస్తుంది.

పదాల సంగతి ఒక్క మాట. 2020–21 నుంచి మన పాఠ్యపుస్తకాల్లో ఒక పేజీ తెలుగు, ఎదురు పేజీ ఇంగ్లిష్. కాబట్టి ఒకే బిడ్డ ఎల్‌సీఎం అనీ వింటాడు, క.సా.గు. అనీ వింటాడు. ఆ రెండు ముక్కల్నీ మోస్తూ లోపలి అర్థం లేకపోతే భారం రెట్టింపు. అర్థం ఇంటి భాషలో కుదిరితే పేరు ఏ భాషలో ఉన్నా నిలుస్తుంది.

ఐదో తరగతికి లెక్కలు చెప్పే అయ్యవార్లకూ టీచరమ్మలకూ నా విన్నపం ఒక్కటే. ఈ ఏడు ఆ 55 జతల పట్టిక ఒకటి తరగతి గోడకు కట్టించండి. గళ్లన్నీ ఖాళీగా ఉంచండి, పిల్లకాయల చేతే నింపించండి. లబ్ధమే జవాబైన గళ్లకు ఒక రంగు, అంతకన్నా తక్కువొచ్చిన గళ్లకు ఇంకో రంగు వేయించండి. ఆ పట్టిక నిండేదాకా నల్లబల్ల మీద నిలువు గీత గీయకండి.